రెండు డిస్కులలో చీలిన మన దస్తరం

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. పిల్లల నాటికకు ఇంకా రంగులు పూస్తున్నారట. యీ మధ్య సమయం నాకు దయచేశారు. పరాభవ నామ సంవత్సరం అనగానే నా పక్కన కూర్చున్న పెద్దాయన, "ఇదేం పేరయ్యా, పండుగ పూట!" అని నొచ్చుకున్నారు. పేరుదేముంది గాని, మన సంఘానికి రావలసిన పరాభవం పోయిన విశ్వావసులోనే వచ్చి తలుపు తట్టి వెళ్ళింది. ఆ సంగతే సభకు విన్నవించమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. నేను ఇంజనీరును కాను, రైల్వే గుమాస్తాను. కాబట్టి నాకు తెలిసిన భాషలోనే చెబుతాను. మధ్యలో రైలుపెట్టెలు వస్తే క్షమించండి.

సంగతి మీలో చాలామందికి సగం తెలుసు. కార్తీకంలో వానలు దంచుతున్న రోజుల్లో ఒక సాయంత్రం కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. మూడోసారి వచ్చేసరికి మన గ్రంథాలయం గదిలోని కంప్యూటరు లేవలేదు. అందులో వున్నదేమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. మన పాత ఉగాది సంచికల ప్రతి పేజీకీ తీసిన ఫోటోలు. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి, ఒంగోలు నుంచి యీ వైపు ఉద్యోగాలకు వచ్చి, ఆవడి ఫ్యాక్టరీలలోను, రైల్వేలోను, మిల్లులలోను కుదురుకున్న కుటుంబాలు నమ్మి ఇచ్చిన పెళ్ళి ఫోటోలు. సహాయనిధి లెక్కలు. వీటన్నిటికంటె మిన్నగా, మన పెద్దలను కూర్చోబెట్టి రికార్డు చేసుకున్న మాటలు. ఆ మాట్లాడిన పెద్దలలో ఒకరు ఇవాళ మన మధ్య లేరు. వారి కోడలుగారు యీ సభలోనే వున్నారు. ఆమె ఆ మర్నాడు వచ్చి అడిగింది ఒక్కటే మాట: "మామయ్యగారి గొంతు వుందా, పోయిందా?"

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోవడానికి కారణం వుంది. ఆ కంప్యూటరు ఒక దాత ఇచ్చినది. ఆయన పెళ్ళి వీడియోలు కూర్చే పనికి దాన్ని కట్టించుకున్నారు. ఆ పనికి వేగం కావాలి. వేగం కోసం అందులో ఒక్క డిస్కు కాక రెండు డిస్కులు పెట్టి, రెంటినీ ఒకే డిస్కులాగా కనబడేటట్టు ముడివేశారు. దీన్ని రెయిడ్ జీరో అంటారు.

ఇది యెలా పనిచేస్తుందో చెబుతాను. అరక్కోణం యార్డులోకి ఒక గూడ్సు బండి వచ్చిందనుకోండి. మొదటి వ్యాగను ఒకటో లైనులోకి, రెండవది రెండో లైనులోకి, మూడవది మళ్ళీ ఒకటో లైనులోకి, నాలుగవది రెండులోకి, యిలా చివరిదాకా మార్చి మార్చి తోశారు. రెండు లైన్లలోను కూలీలు ఒకేసారి దించుతారు గనుక పని ఇంచుమించు సగం పొద్దులో అవుతుంది. కంప్యూటరు కూడా అంతే. ఒక ఫోటోను గాని పాటను గాని సమానమైన తునకలుగా కోసి, ఒక తునక యీ డిస్కు మీద, తరువాతి తునక ఆ డిస్కు మీద రాస్తూ పోతుంది. మన కంప్యూటరులో తునక పరిమాణం 128 కిలోబైట్లు. డిస్కులు ఒక్కొక్కటి 1 టెరాబైటు, అనగా లక్ష కోట్ల అక్షరాలు పట్టేవి. లెక్క వేస్తే ఒక్కొక్క డిస్కు మీద 76 లక్షలకు పైగా తునకలకు చోటు.

యిప్పుడు యార్డు మాస్టరు దగ్గర వున్న వ్యాగన్ల జాబితా పోయిందనుకోండి. సరుకంతా యార్డులోనే వుంది. ఒక్క గింజ కూడా పోలేదు. కాని ఏ వ్యాగను వెనుక ఏ వ్యాగను రావాలో చెప్పేవాడు లేడు. కంప్యూటరులో మదరుబోర్డు కాలిపోతే జరిగేది సరిగ్గా ఇదే. డిస్కులు బాగానే వుంటాయి, వాటిని జంట కలిపే చెయ్యి మాత్రం పోతుంది.

అదే డిస్కు పోతే కథ వేరు. మన కోశాధికారిగారు ఆ రోజే అడిగారు: "ఏం బాబూ, రెండింటిలో ఒకటి బతికినా సగం ఫోటోలైనా రావా?" చాలామంది అలాగే అనుకుంటారు, అది న్యాయంగా కూడా తోస్తుంది. కాని రావు. సగం ఫోటోలు మిగలవు, ప్రతి ఫోటోలోను సగం మిగులుతుంది. 3 మెగాబైట్ల ఫోటోలో 24 తునకలుంటే 12 ఇటు, 12 అటు. పన్నెండు తునకలతో ఫోటో తెరుచుకోదు. 128 కిలోబైట్లలోపు వున్న చిన్న కాగితాలు మాత్రం ఒకే తునకలో ఇమిడిపోయి, ఒక డిస్కు మీదనే అదృష్టం కొద్దీ పూర్తిగా దొరకవచ్చు. సహాయనిధి చీటీలు అలాంటివి. అందుకని అప్పులు తీసుకున్నవారు మరీ సంతోషించనక్కరలేదు.

యీ పద్ధతి పుట్టిన వైనం కొంచెం చెప్పాలి. 1956లో ఐబీఎం వారు మొట్టమొదటి డిస్కు యంత్రాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు దానిలో 24 అంగుళాల పళ్ళాలు 50 వుండేవి. అన్నీ కలిసి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మన సెల్‌ఫోనులో తీసిన రెండు ఫోటోలు అందులో పట్టవు. తరువాత డిస్కులు చిన్నవయ్యాయి, చవక అయ్యాయి. 1988లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ అనే ముగ్గురు ఒక వ్యాసం ప్రకటించారు. ఒక ఖరీదైన పెద్ద డిస్కు కొనే బదులు చవక డిస్కులు చాలా కలిపి వాడుకోవచ్చునని వారి వాదం. అయితే డిస్కులు ఎక్కువైనకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశం కూడా ఎక్కువవుతుంది గనుక, అదనపు ప్రతి గాని, పోయినదాన్ని లెక్కకట్టి రాబట్టే అదనపు సమాచారం గాని తప్పక వుండాలన్నారు. దానికి ఒకటి నుంచి ఐదు వరకు అంతస్తులు చెప్పారు. రెయిడ్ అన్న పేరులో మొదటి అక్షరం ఆ అదనపు భద్రతదే. తరువాతి కాలంలో ఆ భద్రత ఏమీ లేకుండా కేవలం తునకలుగా పరిచే పద్ధతికి సున్నా అనే అంకె తగిలించారు. నన్నడిగితే అంత నిజాయితీగల అంకె మరొకటి లేదు. దాత మాత్రం తన పనికి తగినదే పెట్టించుకున్నారు. పెళ్ళి వీడియో అప్పగించాక ఆయనకు ఆ డిస్కుతో పని తీరిపోయేది. మన దస్తరానికి పని తీరడం అంటూ లేదు.

మన పూర్వులకు యీ విషయం తెలియనిది కాదు. తాటాకు గ్రంథంలో ఆకుకు అంకె వేసి, చిల్లు పొడిచి, తాడు గుచ్చేవారు. తాడు తెగినా అంకె వుంటే వరస దొరుకుతుంది. అంకె అరిగిపోతే యీ ఆకు చివర విరిగిన పదం ఏ ఆకు మొదట అతుకుతుందో పండితుడు చూసి కలిపేవాడు. బ్రౌనుదొర కడపలో పండితులను పెట్టుకొని ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూపించాడు. ఒక ప్రతిలో పురుగు తిన్నచోట ఇంకొక ప్రతి పలుకుతుంది. ఆయన పోగుచేసిన వ్రాతప్రతులు యిప్పటికీ చెన్నపట్నంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో వున్నాయి. మన దస్తరానికి వచ్చిన కష్టం తాడు తెగడం. ఆకులు పోయాయో లేదో తెలియదు. రెండో ప్రతి లేదు.

అప్పుడు ఏం చేశామో వినండి. మొదటి రోజే ఒక పెద్దమనిషి, మంచి మనసుతోనే, "ఒక డిస్కు పీకి మా ఇంటి కంప్యూటరుకు తగిలించి చూద్దాం" అన్నారు. అలా తగిలిస్తే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. యీ డిస్కును కొత్తగా సిద్ధం చేయమంటారా, ఫార్మాటు చేయమంటారా అని. పెళ్ళివారు కాఫీ తాగుతారా అన్నంత మర్యాదగా అడుగుతుంది. సరేనన్నామా, ఆకుల మీద కొత్త రాత మొదలవుతుంది. మా తిరుత్తణి కుర్రవాడు, కంప్యూటరు చదువు చదువుతున్నవాడు, అక్కడే వుండి, "పెదనాన్నగారూ, ముట్టుకోవద్దండి. ఇందులో వొక్క అక్షరం కూడా కొత్తగా రాయకూడదు" అని చెయ్యి అడ్డం పెట్టాడు. పెద్దవారికి ఎదురు చెప్పాడని ఒకరిద్దరు గొణిగారు. నేను మాత్రం ఆ ఒక్క నిమిషమే మన దస్తరాన్ని కాపాడిందంటాను.

చెన్నపట్నంలో యీ పని చేసే దుకాణాలున్నాయి. ఒకచోట విచారిస్తే వారు చెప్పిన సొమ్ము మన సంఘం ఏడాది చందాలకు దగ్గరగా వుంది. డిస్కు లోపలి భాగాలే విరిగితే వారి దగ్గరికి పోక తప్పదు. దుమ్ము లేని గదిలో విప్పవలసిన పని అది. ఇంట్లో విప్పితే అంతే సంగతులు. కాని మన డిస్కులు రెండూ తిరుగుతున్నాయి, కటకట శబ్దం లేదు. అందుచేత ముందు మనమే చూద్దామని కమిటీ తీర్మానించింది.

కుర్రవాడు మొదట డిస్కుల మీద స్టిక్కరు అంటించి, ఏది ఏ తీగకు వుండేదో రాశాడు. ఆ తరువాత అసలు డిస్కుల జోలికి పోకుండా, ఒక 4 టెరాబైట్ల కొత్త డిస్కు కొనిపించి, పాతవాటిని ఒక్కొక్కటిగా ఉన్నదున్నట్టు దానిలోకి నకలు తీశాడు. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున నడిస్తే 1 టెరాబైటుకు 10,000 సెకన్లు, అనగా మూడు గంటలకు కొంచెం తక్కువ. మొదటి డిస్కు ఆ లెక్క ప్రకారమే అయింది. రెండవది మాత్రం ఒక రాత్రంతా పట్టింది.

ఎందుకంటే రెండవదానిలో ఒకచోట దెబ్బ వుంది. నకలు తీయడానికి వాడిన ప్రోగ్రాము పేరు డీడీ రెస్క్యూ. దైవం లాంటిది, పైగా ఉచితం. అది పనిచేసే తీరు మా టికెట్టు పరీక్షకుల తీరే. సులభంగా టికెట్టు చూపినవారిని ముందు చూసుకుంటూ పెట్టె దాటిపోతాడు. నిద్రపోయేవారిని, వెతుక్కునేవారిని చీటీలో గుర్తు పెట్టుకొని రెండోమారు వస్తాడు. ఇదీ అంతే. చదవగలిగినదంతా ముందు చదివేసి, మొండికేసినచోట్లను ఒక పటంలో రాసుకొని, తరువాత చిన్న చిన్న ముక్కలుగా మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. మధ్యలో కరెంటు పోయినా పటం వుంది గనుక ఆగినచోటి నుంచే మొదలుపెడుతుంది. ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది కూడా. తెల్లవారేసరికి రెండవ డిస్కులో సుమారు 3 మెగాబైట్లు తప్ప అంతా వచ్చింది.

తరువాత జంట కలపడం. మన అదృష్టం, ఆ మదరుబోర్డు ఇంటెల్ వారి పద్ధతిలో రెయిడ్ కట్టినది. ఆ పద్ధతిలో ప్రతి డిస్కు చివరా ఒక చిన్న చీటీ రాసి వుంటుంది. యీ జంటలో ఏయే డిస్కులున్నాయి, వాటి వరస యేమిటి, తునక యెంత అని. రైల్వే పార్శిలు మీద అంటించే లేబిలు వంటిది. బోర్డు కాలినా లేబిలు కాలదు. అదే రకం బోర్డు ఇంకొకటి దొరికితే దానికి తగిలించినా చాలావరకు గుర్తుపడుతుంది. లేదా లైనక్సు అనే ఉచిత వ్యవస్థలోని ఎమ్‌డీ‌అడ్మ్ అనే పరికరం ఆ లేబిలు చదవగలదు. మా వాడు రెండవ దారి పట్టి, నకళ్ళను చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చి కలిపాడు. లేబిలు లేకపోతే మాత్రం పండితుని పద్ధతే గతి. రెండు డిస్కులకు వరసలు రెండే గనుక, తునక పరిమాణాలు ఓ అరడజను ప్రయత్నించినా పన్నెండు మార్లలో తేలుతుంది. నాలుగు డిస్కులైతే వరసలే 24.

సరైన వరస అని ఎలా నమ్మడం? చిన్న ఉత్తరం తెరిచి చూసి మురిసిపోకూడదు. అది ఒక్క తునకలో వుండేది గనుక వరస తప్పినా బాగానే కనబడవచ్చు. పెద్ద ఫోటో తెరవాలి. వరస తప్పితే యెలా వుంటుందో చూపించరా అని నేనడిగితే, ఒక పెళ్ళి ఫోటో నకలు తీసుకొని, మొదటి తునక అలాగే వుంచి తక్కినవాటిని తారుమారు చేసి చూపించాడు. పందిరి పైభాగం, మామిడాకుల తోరణం చక్కగా వచ్చాయి. దాని కింద పెళ్ళికూతురు వుండవలసినచోట ఆకుపచ్చ, ఊదా గళ్ళు. సరైన వరసలో తెరిచేసరికి పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, వెనుక నిలబడి ఇటు చూడకుండా లడ్డూ తింటున్న చిన్నవాడు, అందరూ వచ్చారు. ఆ చిన్నవాడికి యిప్పుడు మనవలున్నారు.

ఆ పూట గదిలో వున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను కిటికీ దగ్గరకు వెళ్ళి తిరుపతి వైపు వెళ్ళే బండి చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఇక ఆ 3 మెగాబైట్ల దెబ్బ. అది సరిగ్గా వెళ్ళి కూర్చున్నది ఆ పోయిన పెద్దాయన రికార్డింగు మీద. ఆ రికార్డింగులో ఒక సెకను మాటకు 16 కిలోబైట్లు పడుతుంది. అంటే మన 128 కిలోబైట్ల తునకలో ఎనిమిది సెకన్ల మాట. ఒక తునక మంచి డిస్కులో, తరువాతిది దెబ్బతిన్నచోట. దాని ఫలితం వింటేనే తెలుస్తుంది: ఎనిమిది సెకన్లు ఆయన మాట్లాడతారు, ఎనిమిది సెకన్లు ఏమీ వుండదు. మళ్ళీ ఎనిమిది సెకన్లు మాట, మళ్ళీ మౌనం. ఇలా ఇంచుమించు ఆరున్నర నిమిషాలు. పోయినచోట గరగర వినబడకుండా, కుదించి అతికించకుండా, అంతే మేర మౌనం మేమే పెట్టించాము. ఖాళీ వున్నదని వినేవారికి తెలియాలని.

ఆ ఆరున్నర నిమిషాలలో ఆయన చెబుతున్నది మనందరికీ సంబంధించిన సంగతి. 1959 నాటి చట్టం ప్రకారం, పటాస్కర్ గారి సిఫారసుల మీద, 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారింది. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో చాలాభాగం మద్రాసు రాష్ట్రంలో కలిసి చెంగల్పట్టు జిల్లాకు చెందింది. ఇటు నుంచి సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులోకి వచ్చింది. ఇవన్నీ పుస్తకాలలో వుంటాయి. ఆ ఏప్రిల్ నెలలో తమ వీధిలో ఏం జరిగింది, పిల్లలను ఏ బడికి పంపాలని ఇంట్లో ఏమనుకున్నారు, ఎవరు ఉండిపోయారు, ఎవరు మూటలు కట్టారు, ఇది మాత్రం ఆయన గొంతులోనే వుంది. అది యిప్పుడు ఎనిమిది సెకన్లకు ఒకమారు తెగుతున్నది. సరిహద్దు గీసినవారు కూడా ఇంత సమానంగా కోయలేదు.

ఆయన కోడలుగారికి మొదట వినిపించడానికి నేను జంకాను. ఆమె మొత్తం విని, "మామయ్యగారు మామూలుగా కూడా అలాగే మాట్లాడేవారండీ, మధ్యలో ఆగి ముక్కుపొడుం పీల్చి" అన్నారు. అందరం నవ్వాము. తరువాత ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

కొందరు సభ్యులు ఒక సూచన చేశారు. యీ కాలంలో కృత్రిమ మేధ వచ్చింది కదా, ఆయన గొంతును అనుకరించి ఖాళీలు పూరిస్తుందట, చేయిద్దాం అని. భారతంలో నన్నయగారు అరణ్యపర్వం మధ్యలో ఆపితే రెండు మూడు శతాబ్దాల తరువాత ఎర్రాప్రగడ పూరించలేదా అన్నారు. పూరించాడు. కాని ఎర్రనకు ముందు సంస్కృత భారతం తెరిచి వుంది. ఇక్కడ మూలం ఆయనతోనే వెళ్ళిపోయింది. కనుక నేను ఒప్పుకోలేదు, కమిటీలో వాదించాను, చివరికి మౌనాన్ని మౌనంగానే వుంచాలని నిర్ణయమైంది. ఇందులో నాతో ఏకీభవించనివారు యీ సభలోనే వున్నారని తెలుసు. వారి మాట వారు చెప్పుకోవచ్చు.

ఇక ముందు సంగతి. దస్తరం యిప్పుడు మూడుచోట్ల వుంది. ఒక ప్రతి తిరువళ్ళూరులో కార్యదర్శిగారి ఇంట, ఒక ప్రతి తిరుత్తణిలో, మూడవది ఇంటర్నెట్టులో అద్దెచోట. రెండు డిస్కులు ఒకే పెట్టెలో పెట్టి ఒకదానికొకటి అద్దంలాగా రాయిస్తే చాలదా అని అడిగారు. డిస్కు చెడితే చాలును. పిడుగు పడినా, దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోయినా, మనమే పొరపాటున ఫైలు తుడిచినా చాలదు. దూరం కూడా కావాలి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో, డేజాన్ నగరంలోని ప్రభుత్వ కంప్యూటరు కేంద్రం అగ్నికి ఆహుతి అయినప్పుడు, ఉద్యోగులు పని కాగితాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే నిలవలో 858 టెరాబైట్లు పోయాయి. వేరేచోట ప్రతి లేదు. అంత పెద్దదానికి ప్రతి తీయడం కష్టమని ఊరుకున్నారట. మనది రెండు టెరాబైట్లు కూడా నిండలేదు, మనకు ఆ సాకు లేదు. ఆరు నెలలకొకసారి, ఉగాదికి, దసరాకు, మూడు ప్రతులనూ తెరిచి చూసే బాధ్యత ఆ కుర్రవాడికీ నాకూ అప్పగించారు. తెరిచి చూడని ప్రతి వున్నట్టు లెక్క కాదని వాడంటాడు.

చివరగా ఒక మనవి. ఆ పెద్దాయన మాట్లాడిన రోజు ఆ గదిలో పది పన్నెండు మంది కూర్చొని విన్నారు. కాఫీలు అందించినవారు, పిల్లలను ఎత్తుకొని గుమ్మంలో నిలబడ్డవారు కూడా. ఆ ఆరున్నర నిమిషాలలో ఆయన చెప్పినదానిలో ఒక్క మాట, ఒక్క పేరు గుర్తున్నా సరే, నాటిక అయిన తరువాత భోజనాల దగ్గర నాకు గాని, కార్యదర్శిగారికి గాని చెప్పగలరు. ఆయన గొంతులో కలపము. విన్నవారి గొంతుతో, వారి పేరు మీదనే, పక్కన వేరుగా రికార్డు చేసి వుంచుతాము. టేపు, మైకు సిద్ధంగా తెచ్చాను.